కరోనాలో పోయిన అక్కాబావల పిల్లలు: చెరొకరి దగ్గర ఉంచాలా, హాస్టల్లో వేయాలా?

ముందు మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నట్టు చెప్తాను. 2021 మేలో మీ అక్క, బావ కరోనాతో వారం తేడాలో పోయారు. అక్క విశాఖ ఆసుపత్రిలో, బావ ఒడిశాలోని గుణుపురంలో ఇంట్లోనే. పిల్లలిద్దరూ అప్పటి నుంచి గుణుపురంలో మీ అమ్మగారి దగ్గరున్నారు. పాపకు 12, ఒడియా మీడియంలో ఏడో తరగతి. బాబుకు 8. అమ్మగారికి షుగరు, మోకాళ్ల నొప్పులు, ఇక నా వల్ల కాదంటున్నారు. బాబుని శ్రీకాకుళంలో ఉన్న వాడి బాబాయి, అంటే మీ బావగారి తమ్ముడు, తీసుకెళ్తానంటున్నారు. పాపను మీరు విశాఖ తెచ్చుకుందామా అని ఆలోచిస్తున్నారు. ఇద్దరినీ హాస్టల్లో వేసేయమని కొందరు, పిల్లల్లేని ఒక తెలిసిన జంటకు బాబుని పెంపకానికి ఇవ్వమని ఇంకొందరు. ఈ నాలుగింటిలో ఏది మేలని అడిగారు.

నా జవాబు: నాలుగూ వద్దమ్మా. పిల్లలిద్దరినీ ఒక్కచోటే ఉంచండి, వీలైనన్నాళ్లు ఇప్పుడున్న ఇంట్లోనే ఉంచండి. డబ్బూ, పనిమనిషీ, పెద్దవాళ్ల రాకపోకలూ ఆ ఇంటికి చేరేలా చూడండి. సర్దుకోవాల్సింది పెద్దవాళ్లు. పిల్లలు ఇప్పటికే చాలా సర్దుకున్నారు.

నేను రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో చాలా ఏళ్లు పిల్లల సంరక్షణ పనిలో ఉన్నాను. మొదట ఒక పిల్లల ఆశ్రమంలో పనిచేశాను. తర్వాత బంధువుల ఇళ్లలో పెరుగుతున్న పిల్లల్ని చూసి రావడమే నా పని అయింది. కరోనాకు ముందు నేను ఎక్కువగా చూసింది హెచ్‌ఐవీ ఇళ్లు. సూరత్ మగ్గాల పనికి వెళ్లి జబ్బుతో తిరిగొచ్చిన తండ్రులు, వాళ్ల వెనకే పోయిన తల్లులు. కింద చెప్పేదంతా ఆ ఇళ్లలో చూసిందే.

తోబుట్టువుల సంగతి మొదట చెప్తాను, ఎందుకంటే మీ ఇంట్లో జరగబోయే పెద్ద పొరపాటు అదే. "మగపిల్లాడు మా వంశం, వాడు మా దగ్గరుంటాడు, ఆడపిల్లను మీరు చూసుకోండి" అనే మాట మన వైపు చాలా సహజంగా అనేస్తారు. అందులో చెడు ఉద్దేశం ఉండదు. బరువు పంచుకుంటున్నాం అనుకుంటారు. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలాగే తమ్ముణ్ణి జయపురంలో పెదనాన్న, అక్కను టెక్కలిలో మేనత్త తీసుకున్నారు. రెండూ మంచి ఇళ్లే, తిండికీ బట్టకీ లోటు లేదు. కానీ కొన్నేళ్లకు ఆ పిల్లాడు ఒడియా తప్ప చదవలేడు, అక్కకు తెలుగు తప్ప చదవడం రాదు. అక్క ఫోన్లో మెసేజ్ పెడితే ఎవరి చేతనో చదివించుకునేవాడు. ఇంకొకరి ముందు చదివించుకునే మెసేజ్‌లో ఏ అక్క మనసు విప్పుతుంది? నెమ్మదిగా పండగ శుభాకాంక్షలు మాత్రం మిగిలాయి.

మీ బాబుకు అమ్మ పోయేనాటికి నాలుగేళ్లు. సొంతంగా గుర్తున్నది చాలా తక్కువ ఉంటుంది. అమ్మ వాణ్ణి ఏమని పిలిచేదో, నాన్న ఎలా నవ్వించేవాడో చెప్పగలిగింది పాప ఒక్కతే. వాణ్ణి అక్క నుంచి విడదీస్తే అమ్మానాన్నల నుంచి రెండోసారి విడదీసినట్టే.

మహమ్మారి వల్ల తల్లిదండ్రుల్ని కోల్పోయిన పిల్లలకూ, ప్రమాదంలో కోల్పోయిన పిల్లలకూ తేడా ఉంది. ఇది చాలామంది బంధువులకు తట్టదు. కరోనా పిల్లల్లో చాలామంది ఆఖరిసారి ముఖం చూడలేదు. శవం ఇంటికి రాలేదు, దినకార్యాలు నలుగురితో జరగలేదు, ఓదార్చడానికి పక్కింటివాళ్లు కూడా లోపలికి రాలేదు. పెద్దవాళ్ల మొహాల్లో ఆ పిల్లలు దుఃఖం కంటే ముందు భయం చూశారు. నాలుగైదేళ్ల పిల్లలకు చావు అంటే తిరిగి రాకపోవడమని పూర్తిగా తెలియదు. అందుకే "అమ్మ ఊరెళ్లింది", "ఆసుపత్రిలో ఉంది, వస్తుంది" అని చెప్పిన ఇళ్లలో పిల్లలు ఎదురుచూస్తూనే ఉంటారు. తర్వాత నిజం తెలిసినప్పుడు, చెప్పినవాళ్లను మిగతా విషయాల్లో కూడా నమ్మరు.

ఒక పిల్లాడు జ్వరం వస్తే చెప్పేవాడు కాదు. ఒళ్లు కాలిపోతున్నా దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. అమ్మ జ్వరంతో ఆసుపత్రికి వెళ్లి రాలేదు కాబట్టి, తనకూ అంతే అవుతుందని వాడి లెక్క. ఇంకో అమ్మాయి, అప్పటికి పదేళ్లది, చాలా రోజుల తర్వాత అడిగింది: "ముందు దగ్గు వచ్చింది నాకే కదా, నా నుంచే అంటుకుందా?" ఎవరూ ఆ మాట అనలేదు. తనే లోపల పెట్టుకుని తిరిగింది. మీ పాపతో ఈ విషయం తప్పకుండా మాట్లాడండి. తను అడగకపోయినా మీరే ఎత్తండి. "ఇది ఎవరి వల్లా రాలేదు, ఊరంతా ఉంది, నువ్వు చేసిందేమీ లేదు" అని మామూలు గొంతుతో చెప్పండి. ఒక్కసారి చెప్పి వదిలేయకండి, ఏడాదికోసారైనా మళ్లీ ఆ మాట రావాలి. వయసు పెరిగే కొద్దీ పిల్లలు అదే ప్రశ్నను కొత్తగా అడుగుతారు.

ఇప్పుడు అమ్మమ్మగారు "నా వల్ల కాదు" అనడం ఆ పిల్లలు వింటున్నారా? వింటూ ఉంటే వాళ్లకు అది వేరేగా వినిపిస్తుంది. అమ్మమ్మ కూడా పోతుందేమో అని. మోకాళ్ల నొప్పి గురించి, షుగరు గురించి వాళ్లకు నేరుగా చెప్పండి, ఇది ఆ జబ్బు కాదని చెప్పండి. ఎవరు ఎక్కడ ఉండాలనే చర్చలు పిల్లలు నిద్రపోయారనుకుని పక్క గదిలో పెట్టకండి. వాళ్లు నిద్రపోరు.

సంవత్సరీకం, మహాలయ అమావాస్య లాంటివి మీ ఇంట్లో జరుపుతుంటే పిల్లల్ని దూరంగా ఉంచకండి. బాబు చేత పిండం పెట్టించాలా వద్దా అనేది మీ ఆచారం, నేను చెప్పను. పాపను మాత్రం "ఆడపిల్లవి" అని పక్కకు పంపేయకండి. ఫొటో తుడిచి దండ వేసే పని తనకివ్వండి. అప్పట్లో జరగనిది ఇప్పుడైనా కాస్త జరిగినట్టవుతుంది.

హాస్టల్ గురించి. ఆశ్రమంలో పనిచేసిన మనిషిగా చెప్తున్నాను, అక్కడ మంచి మనుషులు ఉండొచ్చు, శుభ్రమైన అన్నం ఉండొచ్చు. కానీ డ్యూటీ మారేసరికి చూసుకునే మనిషి మారిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్లాడికి కావాల్సింది రోజూ అదే మనిషి. రొమేనియాలోని బుకారెస్ట్‌లో 2000 ప్రాంతంలో మొదలుపెట్టి 136 మంది ఆశ్రమాల పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. కొందరిని కుటుంబాల్లో పెట్టారు, మిగతావాళ్లను మొదట ఆశ్రమాల సంరక్షణలోనే ఉంచారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్ల తెలివితేటలు, మనసు నిలకడ మెరుగుపడ్డాయి. చిన్న వయసులో వెళ్లినవాళ్లకు మేలు ఎక్కువగా కనిపించింది. మన 2015 బాల న్యాయ చట్టం కూడా ఆశ్రమంలో పెట్టడం చిట్టచివరి మార్గమనే చెప్తుంది. పాపకు పద్నాలుగు, పదిహేను వచ్చాక, తనే మంచి చదువు కోసం వెళ్తానంటే, సెలవులకు ఇదే ఇంటికి తిరిగొచ్చేలా హాస్టల్ వేరే సంగతి. వదిలించుకోవడానికి వేసే హాస్టల్ ఏదో పిల్లలకు గుమ్మంలోనే తెలిసిపోతుంది.

ఆ జంటకు బాబుని ఇవ్వడం గురించి గట్టిగా చెప్పాలి. వాళ్లు ఎంత మంచివాళ్లైనా సరే, చేతి నుంచి చేతికి పిల్లాణ్ణి ఇచ్చేయడం నేరం. బాల న్యాయ చట్టం ప్రకారం, పద్ధతి పాటించకుండా అనాథ పిల్లల్ని దత్తతకు ఇచ్చినా తీసుకున్నా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. డబ్బు చేతులు మారితే ఇంకా పెద్ద శిక్ష. 2021 మేలో "తల్లిదండ్రులు పోయిన పసిపిల్లలున్నారు, దత్తత తీసుకోండి" అని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరిగాయి గుర్తుందా? అవి చూసే సుప్రీంకోర్టు ఆ జూన్‌లో అలాంటి దత్తతలను ఆపమని రాష్ట్రాలకు చెప్పింది. నిజంగా దత్తత కావాలనుకునే వాళ్లు కేంద్ర దత్తత సంస్థ కారా ద్వారా రావాలి. అయినా మీ బాబుకు అమ్మమ్మ ఉంది, అక్క ఉంది, పిన్ని ఉంది, బాబాయి ఉన్నాడు. వాడు ఇవ్వాల్సిన పిల్లాడు కాదు.

ఇక అసలు చిక్కు అమ్మమ్మగారి ఆరోగ్యం. ఇక్కడ నా అనుభవం చెప్పేదేమిటంటే, అమ్మమ్మలు "నా వల్ల కాదు" అన్నప్పుడు సాధారణంగా అర్థం "ఒంటరిగా నా వల్ల కాదు" అని. విడిగా కూర్చోబెట్టి ఏ పని కష్టంగా ఉందో అడగండి. ఉదయం వంట చేసి బడికి పంపడమా, నీళ్లు మోయడమా, రాత్రి బాబు నిద్రలేచి ఏడవడమా, హోంవర్కు చెప్పలేకపోవడమా, బ్యాంకు చుట్టూ తిరగడమా. జవాబు వినగానే సగం దారి కనిపిస్తుంది. పొద్దున్న రెండు గంటలు పనిమనిషి, సాయంత్రం ఒడియా చెప్పగలిగే ట్యూషన్ మాస్టారు, నెలకోసారి షుగరు పరీక్షకు తోడు వెళ్లే మనిషి. వీటికి అయ్యే డబ్బు, ఒక పిల్లను హాస్టల్లో పెట్టే ఖర్చు కంటే తక్కువ ఉండొచ్చు.

మీరు విశాఖ నుంచి వచ్చే రోజు ఫిక్స్ చేసుకోండి. గుణుపురం పాసింజరు ఉంది, నౌపడా మీదుగా నేరుగా వస్తుంది. నెలకు ఒక శని, ఆదివారం అయినా సరే, కానీ తప్పకూడదు. వస్తానని చెప్పి రాకపోవడం ఈ పిల్లలకు మామూలు విషయం కాదు. రాలేకపోతే ముందురోజే పిల్లలకు మీరే ఫోన్ చేసి చెప్పండి, అమ్మమ్మ చేత చెప్పించకండి. బాబాయిగారికి కూడా ఇలాంటి వంతు ఒకటి ఇవ్వండి. వేసవి సెలవుల్లో పిల్లలిద్దరూ కలిసే శ్రీకాకుళం వెళ్లి పది రోజులుంటారని ఒప్పుకోండి. ఆయనకు అన్నగారి పిల్లల మీద ఆశ ఉండటం మంచిదే, దాన్ని కాదనకుండా దారి చూపించాలి.

అమ్మమ్మగారి తర్వాత ఎవరో ఇప్పుడే తేల్చుకోండి. రెండో మనిషి ఎవరో పిల్లలకు తెలియాలి. అమ్మమ్మకేమైనా అయితే మాకెవరు అని పిల్లల మనసులో ఉండే ప్రశ్నకు జవాబు మనిషి పేరుతో ఉండాలి: "అమ్మమ్మకు బాగోకపోతే పిన్ని వస్తుంది, మీరిద్దరూ పిన్ని దగ్గరే ఉంటారు, కలిసే ఉంటారు."

పాప గురించి కొంచెం విడిగా. ఇలాంటి ఇళ్లలో పెద్దపిల్ల పన్నెండేళ్లకే అమ్మ అయిపోతుంది. తమ్ముడికి అన్నం పెడుతుంది, అమ్మమ్మకు మాత్రలు గుర్తుచేస్తుంది, బజారుకెళ్తుంది. చూసినవాళ్లంతా "ఎంత బుద్ధిమంతురాలో" అంటారు. ఆ మెప్పు కోసం పిల్ల తన దుఃఖాన్ని దాచేసుకుంటుంది. 2017 హెచ్‌ఐవీ చట్టంలో ఒక విషయం ఉంది: హెచ్‌ఐవీ బాధిత కుటుంబంలో పన్నెండేళ్లు దాటి, తగిన అవగాహన ఉన్న పిల్ల తన చిన్న తోబుట్టువులకు బడి చేర్పింపు, బ్యాంకు ఖాతా, వైద్యం వంటి విషయాల్లో సంరక్షకురాలిగా ఉండవచ్చు. పెద్దవాళ్లు ఎవరూ మిగలని ఇళ్లను చూసి చేసిన ఏర్పాటు అది, మంచిదే. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు. కాబట్టి తనకు ఆటకు, స్నేహితులకు, ఊరికే కూర్చోవడానికి టైం మిగలాలి. తమ్ముడి మీద విసుక్కునే హక్కు కూడా ఉండాలి.

ఒకటి రెండేళ్లలో పెద్దమనిషి అవుతుంది, లేదా ఇప్పటికే అయి ఉండొచ్చు. ఆ విషయాలు ముందుగా మాట్లాడే ఆడమనిషి మీరే కావాలి. ఆ తర్వాత "అమ్మానాన్నా లేని పిల్ల, తొందరగా ఒక ఇంటిదాన్ని చేసేస్తే బాధ్యత తీరుతుంది" అనే మాట మొదలవుతుంది, మేనరికం సంబంధం కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. పద్దెనిమిది నిండే దాకా చట్టం ఒప్పుకోదని, ఆ తర్వాత కూడా తన ఇష్టమేనని ఇప్పటి నుంచే బంధువుల్లో అనేయండి. మొదట్లో అన్న మాటకు ఉన్న బలం, ముహూర్తం దగ్గరకొచ్చాక అన్న మాటకు ఉండదు.

పాపను విశాఖ బడికి మార్చడం ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. ఒడియాలో ఏడేళ్లు చదివింది. మూడేళ్లలో కటక్ బోర్డు పదో తరగతి పరీక్ష. ఇప్పుడు తెలుగు లిపి దగ్గర మొదలుపెట్టడమో, ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడటమో అంటే, క్లాసులో ముందుండే పిల్ల వెనక బెంచీకి పోతుంది. తన జీవితంలో చెదరకుండా మిగిలినవాటిలో చదువొకటి. ఇంట్లో తెలుగు చదవడం రాయడం మీరు సెలవుల్లో నేర్పండి, ఇద్దరికీ. తల్లి భాష పోకూడదు.

ఇప్పుడు డబ్బు, కాగితాలు. ఇక్కడ సరిహద్దు చిక్కులు ఉంటాయి.

చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, ఇల్లు ఎక్కడున్నా సరే. మీ అక్క మరణ ధ్రువపత్రం విశాఖ నుంచి, బావగారిది గుణుపురం నుంచి రావాలి. బావగారు ఇంట్లో పోయారన్నారు, నమోదు చేయించారో లేదో చూడండి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి, కష్టమే కానీ అవుతుంది. పాజిటివ్ రిపోర్టు తేదీ నుంచి 30 రోజుల్లోపు ఇంట్లో పోయినా కరోనా మరణంగానే లెక్కించాలని 2021 సెప్టెంబరు మార్గదర్శకాలు చెప్తున్నాయి. కాబట్టి ఆ రిపోర్టు, ఫోన్లో వచ్చిన మెసేజ్ అయినా సరే, వెతికి దాచండి.

పిల్లలిద్దరి పేర్లు పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ అనే కేంద్ర పథకంలో ఎక్కాయా? మీరు రాయలేదు, ముందు అది కనుక్కోండి. 2020 మార్చి 11 తర్వాత కరోనా కాలంలో తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లలకు అది. పేరు ఉంటే కలెక్టరుతో కలిపి పోస్టాఫీసు ఖాతా ఉంటుంది, పద్దెనిమిదేళ్లకు పది లక్షలయ్యేలా జమ ఉంటుంది, 18 నుంచి 23 వరకు నెలనెలా భత్యం, 23 నిండాక మొత్తం చేతికి. ఆయుష్మాన్ భారత్ కింద ఐదు లక్షల వైద్యం కూడా. ఒడిశా ప్రభుత్వం 2021 జూన్‌లో ప్రకటించిన ఆశీర్వాద్ పథకంలో ఇద్దరినీ కోల్పోయిన ఒక్కో బిడ్డకు, చూసుకుంటున్న బంధువు ఖాతాలో నెలకు 2,500 రూపాయలు. ఇవి రాకపోతే మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్ ఉంది, బిడ్డకు నెలకు 4,000. దానికి కుటుంబ ఆదాయ పరిమితి ఉంది, పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000. పిల్లలు గుణుపురంలో ఉంటున్నారు కాబట్టి మీరు వెళ్లాల్సింది రాయగడలోని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి. ఒక బిడ్డ శ్రీకాకుళానికి, ఒక బిడ్డ విశాఖకు పోతే ఈ ఫైళ్లు కూడా ముక్కలవుతాయి, ఏళ్లు పడుతుంది.

ఒక్కో కరోనా మరణానికి ప్రభుత్వం ఇచ్చే 50,000 పరిహారం అడగకపోయి ఉంటే, గడువు దాటినా, ఎందుకు ఆలస్యమైందో రాసి జిల్లా గ్రీవెన్స్ కమిటీకి పెట్టుకోవచ్చు. అక్కాబావల పాస్‌బుక్కులు తీసి 2020 మే, జూన్ పేజీలు చూడండి. 330 రూపాయలు కట్ అయి ఉంటే అది జీవన్ జ్యోతి బీమా ప్రీమియం, రెండు లక్షల పాలసీ. బ్యాంకులో నోటిమాటగా కాక కాగితం మీద అడగండి. బావగారికి పీఎఫ్ కట్ అయ్యేదైతే, డిపాజిట్ ఆధారిత బీమాతో (ఉద్యోగి పోతే పీఎఫ్ తరఫున కుటుంబానికి వచ్చే బీమా) పాటు అనాథ పింఛను ఉంటుంది, ఒకేసారి ఇద్దరు పిల్లలకు, 25 ఏళ్లు వచ్చేదాకా, నెలకు 750కి తక్కువ కాకుండా. చాలా కుటుంబాలు పీఎఫ్ డబ్బు తీసుకుని ఈ పింఛను అడగనే లేదు.

ఇల్లు, పొలం ఉంటే: కోర్టు అనుమతి లేకుండా పిల్లల ఆస్తిని ఎవరూ అమ్మలేరు. అమ్మమ్మ, బాబాయి, మీరు, ఎవరైనా. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం అదే చెప్తుంది. బావగారి పేరున ఉన్నదాంట్లో పిల్లలతో పాటు వాళ్ల నాన్నమ్మ బతికి ఉంటే ఆమెకూ వాటా వస్తుంది. ఇది ముందే తెలిసి ఉంటే బాబాయిగారితో మాటలు సాఫీగా సాగుతాయి. అమ్మమ్మగారు లేదా మీరు జిల్లా కోర్టులో 1890 సంరక్షకుల చట్టం కింద సంరక్షకురాలిగా ఉత్తర్వు తెచ్చుకోవడం మంచిది.

నేను చెప్పినదానికి మినహాయింపులు ఉన్నాయి. ఇంట్లో పిల్లల్ని కొట్టడం, చెయ్యి వేయడం లాంటిది ఏదైనా ఉందని అనుమానం వస్తే, ఉన్నచోటే ఉంచమనే మాట చెల్లదు. వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. అమ్మమ్మగారు మంచాన పడే పరిస్థితి వస్తే కదలక తప్పదు. అప్పుడు ఇద్దరూ కలిసి, వీలైతే అమ్మమ్మతో సహా, ముగ్గురూ ఒకే ఇంటికి కదలాలి. చదువు మధ్యలో కాకుండా వేసవిలో. పిల్లలకు ముందే చెప్పి, ఆ ఇల్లు ఒకటి రెండుసార్లు చూపించి.

రాయగడ వెళ్లేటప్పుడు పిల్లల ఆధార్, పుట్టిన సర్టిఫికెట్లు, బడి నుంచి బోనఫైడ్, రెండు మరణ ధ్రువపత్రాలు, కరోనా రిపోర్టులు, అమ్మమ్మగారి రేషన్ కార్డు, పాస్‌బుక్ రెండేసి జిరాక్సులు పట్టుకెళ్లండి. విశాఖ ధ్రువపత్రంలో మీ అక్క పేరు, పిల్లల ఆధార్‌లో తల్లి పేరు ఒకే స్పెల్లింగులో ఉన్నాయో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. తెలుగు నుంచి, ఒడియా నుంచి ఇంగ్లీషులోకి రాసేటప్పుడు పేర్లు మారిపోతాయి, దరఖాస్తులు ఎక్కువగా ఆగేది అక్కడే. పీఎం కేర్స్‌లో పేర్లున్నాయో లేదో తెలిశాక ఇక్కడే రాయండి, తర్వాత ఏం చేయాలో చూద్దాం.